వెనక పేజీల్లో దొంగ

"నాన్నా, మీరు తలుపు తీస్తారా, నన్ను గడియ ఊడదీయమంటారా?"

కొడుకు ఆ మాట అనడం పొద్దుటి నుంచి ఇది మూడోసారి. లోపలి నుంచి ఒక దగ్గు మాత్రం వినిపించింది. అది జలుబు దగ్గు కాదు. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు క్లాసులో వెనక బెంచీల గుసగుసల్ని మాష్టారు ఆ ఒక్క దగ్గుతోనే ఆపేవారు. ఇప్పుడు యాభైకి దగ్గరపడుతున్న కొడుకును కూడా తీసుకెళ్లి వెనక బెంచీలో కూర్చోబెట్టేశారు.

"విన్నావా? పదకొండింటికి ఎడిటరమ్మ వస్తోంది. ఈయన లోపల కూర్చుని దగ్గుతున్నారు," అన్నాడతను భార్య వైపు తిరిగి.

"టీ చల్లారిపోతోంది మామయ్యా," అంది కోడలు తలుపుతో. తలుపు దానికీ పలకలేదు.

నిన్న సాయంత్రం ప్రచురణ సంస్థ నుంచి వచ్చిన కవరు విప్పి, కొడుకు పైకి చదవడం మొదలుపెట్టిన అయిదు నిమిషాలకే మాష్టారు కుర్చీలోంచి లేచి, గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నారు. రాత్రి గుమ్మం దగ్గర పెట్టిన కంచం మాత్రం లోపలికి వెళ్లి ఖాళీగా బయటికొచ్చింది. అలక అన్నం దాకా పాకలేదని కోడలు కాస్త కుదుటపడింది.

ఆ కవరులోని మూడు కాగితాలూ ముందుగదిలో బల్ల మీద ఉన్నాయి. ఫ్యానుగాలికి ఎగరకుండా వాటి మీద కోడలి భర్త ఒక ఇత్తడి తూకపురాయి పెట్టాడు. అతను దుకాణాల్లో తూనికలూ కొలతలూ తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. ఇంట్లో ఏ కాగితం ఎగిరినా దాని మీద అరకిలో రాయి పడాల్సిందే.

మొదటి కాగితం తప్పుల పట్టిక. మాష్టారు రాసిన వ్యాకరణం పుస్తకం అయిదు నెలల కిందట అచ్చయింది. అది ఇంగ్లీషు ఓనమాలు దిద్దేవాళ్ల కోసం కాదు, భాష బాగానే వచ్చి, ఇంకా పదును పెట్టుకోవాలనుకునేవాళ్లు ఎవరికి వారు చదువుకోవడానికి. ఎడమ పేజీలో పాఠం, కుడి పేజీలో పది ప్రశ్నలు, పుస్తకం చివర జవాబులు. మొత్తం ముప్పై ఆరు పాఠాలు. మాష్టారు చేత్తో రాశారు, కోడలు టైపు చేసింది. ఇప్పుడు ఆ చివరి పేజీల్లో ముప్పై తొమ్మిది జవాబులు తప్పని తేలింది.

రెండోది అంగీకారపత్రం. ఈ పుస్తకం మలిముద్రణనూ, రాబోయే రెండో భాగాన్నీ వేరొకరి చేత తయారు చేయించుకోవడానికి నాకు అభ్యంతరం లేదు అని నాలుగు వరుసలు. కింద సంతకానికి ఖాళీ.

రెండో భాగం అంటే మాష్టారి బల్ల మీదున్న నాలుగు లావుపాటి నోటుపుస్తకాలు. ఆయన రోజూ తెల్లారకముందే లేస్తున్నది వాటి కోసమే. అవి తీసేసుకుంటే ఆయన ఇక ఎందుకు లేవాలో ఇంట్లో ఎవరికీ తెలియదు.

మూడోది ఒక ఉత్తరం నకలు. దాన్ని నిన్న ఎవరూ చదవలేదు.

"ఒకటా రెండా, ముప్పై తొమ్మిది!" అన్నాడు భర్త, బల్ల ముందు కూలబడి. "అయిదు కిలోల రాయి అయిదు గ్రాములు తగ్గిందనుకో. నేనేం చేస్తాను? సీలు వేసి పక్కన పెట్టేస్తాను. ఆ కొట్టువాడు ఎంత మంచివాడన్నది నాకు అనవసరం."

"మనిషిని కూడా సీలు వేసి పక్కన పెట్టేస్తారా?"

"నేనన్నానా ఆ మాట?"

"మీరు అనలేదు. మీ రాయి అంది."

అతను కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "నిజం చెప్పు. టైపు చేసేటప్పుడు నువ్వేమైనా పొరపాటు పడ్డావా? పడితే పడ్డానని చెప్పు. నిన్నెవరూ ఏమీ అనరు."

ఆ అడగడంలో నింద లేదు, ఆశ ఉంది. తప్పు ఆమెదైతే బాగుండునని అతను కోరుకుంటున్నాడు. ఆ సంగతి తెలిసే కోడలికి కోపం రాలేదు, దిగులు వచ్చింది.

"ఆయన రాసిందాంట్లో ఒక్క అక్షరం మార్చలేదండీ."

"అదే నేనూ అంటున్నాను. నువ్వు మార్చవు. ల్యాబులో పదకొండేళ్లుగా రిపోర్టులు టైపు చేస్తున్నావు, ఒక్క అంకె అటూ ఇటూ పోలేదు. అంటే ఆయనే అలా రాశారు. అంటే..." అతను అక్కడ ఆగిపోయి తూకపురాయిని ఇటు నుంచి అటు జరిపాడు. "మొన్న తాళంచెవి చేతిలో పెట్టుకుని ఇల్లంతా వెతికారు."

"అది నేనూ చేస్తాను. మీరూ చేస్తారు."

"నేను చెయ్యను," అన్నాడు ఇన్‌స్పెక్టరు. మరుక్షణం అతని చెయ్యి తెలియకుండానే జేబు తడుముకుంది. వేరే రోజైతే ఆమె నవ్వేది.

"పెద్దాయన పరువు పోకుండా గౌరవంగా తప్పుకోవడమే మంచిది," అన్నాడతను చివరికి. "ఇవాళ సంతకం పెట్టేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. పెట్టకపోతే, ఆయన తప్పులన్నీ ఎవరో పరాయివాళ్లు ఏరి చూపిస్తారు. అది నేను చూడలేను." ఆ మాట అనేసి స్నానానికి వెళ్లిపోయాడు.

కోడలు తూకపురాయి ఎత్తి ఆ ఉత్తరం బయటికి లాగింది.

రాసినావిడ ఒక నర్సు. వార్డులో పని ముగిశాక, ఇంటికెళ్లే బస్సులో, పుస్తకం ఒళ్లో పెట్టుకుని చదువుకుంటానని రాసింది. పెద్ద ఆస్పత్రిలో ఉద్యోగం కోసం భాష పరీక్ష రాయాలి. ఇంట్లోగానీ, పనిచేసే చోటగానీ అడగడానికి ఎవరూ లేరు. "పన్నెండో పాఠంలో ఏడో ప్రశ్నకి మొదట నేను సరిగ్గానే రాశానండీ. వెనక చూస్తే మీరు వేరేగా ఇచ్చారు. నాదే తప్పనుకుని రబ్బరుతో చెరిపేసి మీరు చెప్పినట్టు దిద్దుకున్నాను. పరీక్షలో సరిగ్గా అలాంటిదే వచ్చింది. మీరు చెప్పినట్టే రాశాను. మీ మీద నాకు కోపం లేదు. నేను సరిగ్గా రాసినవి ఇంకా ఎన్ని చెరిపేసుకున్నానో అదొక్కటి చెబుతారా?"

కోడలు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత పడగ్గదిలోకి వెళ్లి, బీరువాలో దుప్పట్ల మడతల కింద దాచిన కట్ట బయటికి తీసింది.

ఈ కట్ట సంగతి భర్తకి తెలియదు, మాష్టారికీ తెలియదు. పుస్తకం టైపు చేస్తున్న రోజుల్లో ఒక్కో పాఠమూ రెండు ప్రతులు తీసుకునేది. ఒకటి మాష్టారికి, ఒకటి తనకు. కాపురానికి వచ్చినప్పుడు ఆమెది బడిలో నేర్చుకున్న ఇంగ్లీషే. పేపరు చదివితే అర్థమయ్యేది, పదిమందిలో మాట్లాడమంటే నాలుక మడతపడేది. అందుకని ఎవరికీ చెప్పకుండా మధ్యాహ్నాలు వంటింటి గట్టు మీద కాగితం పరుచుకుని, పెన్సిలుతో ఆ పది ప్రశ్నలూ తానే రాసుకునేది. రాశాక వెనక జవాబులతో సరిచూసుకునేది. కలవకపోతే చెరిపి దిద్దుకునేది. ముప్పై ఆరు పాఠాలూ అలాగే పూర్తిచేసింది. ఇప్పుడు ల్యాబుకి ఎంత పెద్ద డాక్టరు ఫోను చేసినా తడుముకోకుండా మాట్లాడుతుంది.

పన్నెండో పాఠం, ఏడో ప్రశ్న. కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టి చూసింది. రబ్బరు రుద్దిన చోట కాగితం పలచబడింది. దాని కింద పాత గీతలు ఇంకా లీలగా కనిపిస్తున్నాయి. ఆమె కూడా మొదట సరిగ్గానే రాసింది.

పట్టిక పక్కన పెట్టుకుని మిగతావీ చూసింది. ముప్పై తొమ్మిదిలో ముప్పై ఒకటి ఆమె మొదట సరిగ్గా రాసి, మాష్టారి జవాబు చూసి చెరిపేసినవే. ల్యాబులో డాక్టరు రాతలో అనుమానం వస్తే చేతిలో పని ఆపి, లేచి వెళ్లి అడుగుతుంది. అడగకపోతే రోగికి ప్రమాదమని అక్కడ మొదటిరోజే చెప్పారు. ఇంట్లో ముప్పై ఒక్కసార్లు అనుమానం వచ్చి ఒక్కసారీ అడగలేదు. రాసింది మామగారు. ఆయనకి తెలియనిది తనకేం తెలుసు?

సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. ఒక చీటీ ముక్క తీసుకుని, పెన్సిలుతో ఒకటే వాక్యం రాసింది. మాష్టారి తలుపు దగ్గర వంగి సందులోంచి లోపలికి తోసింది.

"12వ పాఠం 7వ ప్రశ్నకి మీ జవాబు తప్పు మామయ్యా."

లోపల కుర్చీ జరిగింది. చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చిన చప్పుడు తలుపు దగ్గర ఆగింది. కాగితం తీసిన శబ్దం. కొడుకు మూడుసార్లు అరిచినా కదలని గడియ టక్కున ఊడింది.

"ఎన్నాళ్లకి!" అన్నారు మాష్టారు.

ఆయన ముఖం వెలిగిపోతోంది. గడ్డం గీసుకోలేదు, చొక్కా నలిగిపోయింది. కళ్లు మాత్రం క్లాసులో మొదటి గంట మోగినప్పటిలా ఉన్నాయి. "రా లోపలికి. టైపు మొదలుపెట్టాక పద్నాలుగు నెలలు పట్టింది నీకు. మా క్లాసులో మొద్దబ్బాయిలు కూడా పది నిమిషాల్లో పట్టుకునేవాళ్లు."

"ఏం పట్టుకునేవాళ్లు?"

"దొంగని!"

ఆమెకి అర్థం కాలేదు. మాష్టారు కుర్చీ చూపించి, తాను మంచం మీద కూర్చుని చెప్పారు. ప్రతి పాఠానికీ పది జవాబులు చెప్పేవారట. అందులో ఒకటి కావాలనే తప్పు చెప్పేవారట. దాని పేరు దొంగ. ఎవరు లేచి నిలబడి "మాష్టారూ, అయిదోది దొంగ" అంటే వాళ్లకి ఒక ఎర్ర పెన్సిలు. అనడం ఒక్కటే చాలదు, ఎందుకు దొంగో చెప్పాలి. ఊళ్లో ఆయన్ని దొంగల మాష్టారు అనేవాళ్లట. మొదట్లో హెడ్మాస్టరు ఆ పేరు విని ఉలిక్కిపడ్డాడట.

"గురువు చెప్పిందల్లా రాసుకునేవాడికి భాష రాదమ్మాయ్. గురువునే తప్పంటావా అని లోపల వణుకుతూ లేచి నిలబడతాడే, వాడికి వస్తుంది."

"అంటే ఈ పుస్తకంలోవి..."

"పాఠానికి ఒకటి. టైపు చేస్తూ నువ్వు పట్టుకుంటావనుకున్నాను. పట్టుకున్నదాన్ని పట్టుకున్నట్టు దిద్దేసి పంపిద్దామనుకున్నాను. ఇదిగో వస్తావు, అదిగో అడుగుతావు అని రోజూ ఎదురుచూశాను. నువ్వేమో టీ ఇచ్చి వెళ్లిపోయేదానివి."

మాష్టారు దాన్ని సరదాగా అన్నారు. కోడలు మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడింది.

"నాతో ఆడుకున్నారా మామయ్యా?"

"అదేంటమ్మా?"

"నేను సరిగ్గా రాశాను. ముప్పై ఒకటి సరిగ్గా రాశాను. మీ జవాబు చూసి నాకే ఏమీ రాదనుకుని చెరిపేసుకున్నాను. ఇవిగో చూడండి!" కట్ట ఆయన ఒళ్లో పడేసింది. ఈ ఇంట్లో ఆమె ఆయన ముందు గొంతు పెంచడం ఇదే మొదలు. "మీ క్లాసులో నలభైమంది ఉండేవాళ్లు. ఒకడికి తెలియకపోతే పక్కవాడు గిల్లేవాడు. దొంగ ఉంటాడని అందరికీ ముందే తెలుసు. నాకెవరు చెప్పారు? వంటింట్లో నా పక్కన ఎవరున్నారు?"

మాష్టారు కాగితాలు ఒక్కొక్కటే వెలుగుకు పట్టి చూశారు. చెరిపిన చోట వేలితో తడిమారు.

"నువ్వు చదువుకుంటున్నావని నాకు చెప్పలేదేం?"

"సిగ్గేసింది."

ఆయన తల దించుకున్నారు. ఆమె ఊరుకోలేదు. నర్సు ఉత్తరం తెచ్చి ఆయన ఎదురుగా నిలబడి మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించింది. సరిగ్గా రాసినవి ఇంకా ఎన్ని చెరిపేసుకున్నానో చెబుతారా అన్న చోట ఆగి, ఆ మాట మళ్లీ ఒకసారి చదివింది.

మాష్టారు ఒళ్లోని కాగితాలు ఒకచోట సర్దారు. "క్లాసులో నేనుండేవాణ్ణి కదా. గంట కొట్టేలోపు ఎవరూ పట్టుకోకపోతే నేనే చెప్పేసేవాణ్ణి."

"పుస్తకంలో మీరుండరు మామయ్యా. వెనక పేజీ ఒక్కటే ఉంటుంది."

"అందుకే ప్రింటుకి పంపేముందు అన్నీ తీసేద్దామనుకున్నాను."

"మరి తీసేయలేదేం?"

మాష్టారు కిటికీ వైపు చూశారు. ఎదురింటి డాబా మీద ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. "తీసేశాననే అనుకున్నాను," అన్నారు నెమ్మదిగా.

కోడలి కోపం ఆ మాటతో చప్పున చల్లారింది. ఆయన మళ్లీ తేరుకుని, దిండు కింద నుంచి ఒక చిన్న నోటుపుస్తకం తీశారు. "ఇదిగో దొంగల చిట్టా. ఏ పాఠంలో ఏ నంబరో అన్నీ రాసిపెట్టుకున్నాను. వాడికి చూపించు. మతి పోయినవాడు చిట్టా రాసుకుంటాడా? రాత్రంతా దీన్నే వెతికాను. పొద్దున దొరికింది."

ఇద్దరూ కూర్చుని సరిచూశారు. ఆమె పట్టికలోంచి చదువుతుంటే, ఆయన చిట్టాలో వేలు పెట్టి "ఉంది" అనేవారు. మొదటి పాఠం, ఉంది. రెండోది, ఉంది. పన్నెండు, ఉంది. ముప్పై దాటేసరికి ఇద్దరికీ హుషారు వచ్చింది. ఎడిటరమ్మకి ఈ చిట్టా చూపిస్తే చాలు, నాలుగు నోటుపుస్తకాలూ ఆయన బల్ల మీదే ఉంటాయి. కోడలికి మనసులో ఒక పెద్ద బరువు దిగినట్టయింది.

ముప్పై ఆరూ సరిపోయాయి. పట్టికలో మాత్రం ఇంకా మూడు మిగిలాయి. ముప్పై నాలుగో పాఠంలో ఒకటి, ముప్పై అయిదులో ఒకటి, ముప్పై ఆరులో ఒకటి. ఆయన అన్నిటికంటే చివర రాసిన మూడు పాఠాలు.

"ఇవి చిట్టాలో లేవు మామయ్యా."

"ఏవీ, ఇలా ఇవ్వు."

ఆయన కళ్లజోడు తుడుచుకుని ఆ మూడు జవాబులూ చదివారు. పెదవులు కదుపుతూ మళ్లీ చదివారు. మూడోసారి వేలు పెట్టి పదం పదం చదివారు. కోడలు ఆయన ముఖం వైపే చూస్తోంది. ఇప్పుడు నవ్వుతారు, అరెరె ఇవి టైపు తప్పులే అంటారు అనుకుంది.

"వీటిల్లో తప్పేముంది?" అన్నారు మాష్టారు.

అదే సమయానికి వీధి తలుపు గంట మోగింది.

ఎడిటరమ్మ అనుకున్నదానికంటే పది నిమిషాలు ముందే వచ్చింది. నెరిసిన జుట్టు, భుజాన సంచీ, మాటలో మర్యాద. మంచినీళ్లు తాగి, తాను వచ్చిన పని తనకే నచ్చనిదన్నట్టు నాలుగుసార్లు గొంతు సవరించుకుంది. మాష్టారు లోపలికి వెళ్లి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జేబులో ఎర్ర పెన్సిలు పెట్టుకుని వచ్చి కూర్చున్నారు. చిట్టా ఆమె ముందు పెట్టి దొంగల సంగతి అంతా చెప్పారు. చెప్పడంలో ఎక్కడా తడబాటు లేదు.

భర్త తువ్వాలు భుజాన వేసుకునే నిలబడి విన్నాడు. వింటున్నకొద్దీ అతని ముఖంలో ఏదో కరుగుతోంది.

"కావాలని పెట్టారా నాన్నా? అన్నీనా?" అన్నాడతను. "మరి నిన్న చెప్పొచ్చుగా? రాత్రంతా నేను ఏమేం ఊహించుకున్నానో మీకు తెలుసా?"

"నువ్వు అడగలేదు. పట్టిక చదివావు," అన్నారు మాష్టారు.

భర్త నవ్వేశాడు. నవ్వుతూనే తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. తూకపురాయి ఎత్తి, ఆ అంగీకారపత్రాన్ని పక్కకు జరిపాడు. తండ్రిని కోల్పోతానేమోనన్న భయం ఇతన్ని ఇంతగా తినేసిందని కోడలికి అప్పుడు తెలిసింది. పొద్దుటి నుంచి తాను అన్న పుల్లవిరుపు మాటలు గుర్తొచ్చి బాధపడింది.

"పాఠకులతో ఇలా చెయ్యకూడదు మాష్టారూ," అంది ఎడిటరమ్మ చిట్టా తిరగేస్తూ. "కానీ ఇది మతిమరుపు కాదు, మీ పద్ధతి. అది వేరే సంగతి. దిద్దుబాటు కాగితం వేసి కొన్నవాళ్లందరికీ పంపుదాం. రెండో భాగం మీరే రాయండి, ఈసారి దొంగలు లేకుండా. నేను పైవాళ్లకి చెప్పుకోగలను. ఒక్కటే అడుగుతాను. పట్టికలో ఉన్నవన్నీ మీరు పెట్టినవేనా?"

"అన్నీ నేను పెట్టినవే," అన్నారు మాష్టారు. తర్వాత కోడలి వైపు తిరిగారు. "అంతేనా అమ్మాయ్?"

కోడలు ఆయన కళ్లలోకి చూసింది. పరీక్షిస్తున్నారా, బతిమాలుతున్నారా, ఆ మూడింటి సంగతి అప్పుడే మరిచిపోయారా? ఆ ముఖం చూసి ఏదని తేల్చుకోలేకపోయింది. వెనక భర్త ఆమె భుజాన్ని మెల్లిగా నొక్కాడు. అవునను అని ఆ చెయ్యి చెబుతోంది. ఒక్క మాట అంటే ఇంట్లో అందరూ ఇవాళ హాయిగా అన్నం తింటారు.

బల్ల మీద నర్సు ఉత్తరం ఉంది.

"కాదు మామయ్యా," అంది కోడలు. "మీరు పెట్టినవి ముప్పై ఆరే. మిగతా మూడూ పొరపాట్లు."

భుజం మీది చెయ్యి తీసేశాడు భర్త.

మాష్టారు జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి, బల్ల మీద దొర్లించి ఆమె ముందుకు పంపారు. "పట్టుకున్నవాళ్లకి ఇచ్చేవాణ్ణి," అన్నారు ఎడిటరమ్మతో. అంగీకారపత్రాన్ని తానే దగ్గరికి లాక్కున్నారు. కలం తీసి, సంతకం చోట ఆనించి ఆగారు. "వేరొకరి చేత అని ఉంది ఇందులో. ఆ వేరొకరు ఎవరైనా కావచ్చా?"

"మీ మనసులో ఎవరైనా ఉన్నారా?"

"ఈ అమ్మాయి."

"నాన్నా, ఏమిటా మాట?" అన్నాడు కొడుకు. "అది ల్యాబులో టైపు చేస్తుంది."

ఎడిటరమ్మ కోడల్ని తేరిపార చూసింది. "ఆవిడ ఏం చదువుకున్నారు?"

"ఈ పుస్తకం చదువుకుంది," అన్నారు మాష్టారు. "తప్పులతో సహా."

"నావల్ల కాదు," అంది కోడలు. ఆ మాట ఎవరి చెవినా పడలేదు. మాష్టారు అప్పటికే లేచి వెళ్లి రెండో భాగం మొదటి నోటుపుస్తకం తెచ్చి ఆమె ముందు తెరిచారు. మొదటి పాఠం, పది ప్రశ్నలు, పక్కనే ఆయన చేతిరాతలో పది జవాబులు. ఎడిటరమ్మ సంచీ కింద పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకుంది. "చూడండమ్మా. తొందరేం లేదు," అంది.

కోడలు ఎర్ర పెన్సిలు చేతిలోకి తీసుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు బాగున్నాయి. ఆరో దాని మీదికి వెళ్లబోయి మళ్లీ అయిదో దగ్గరికి వచ్చింది. లోపల పాత వణుకు మొదలైంది. అలవాటుగా చివరి పేజీ కోసం వేళ్లు కదిలాయి. చివరి పేజీ ఖాళీగా ఉంది. తన మనసులో జవాబు మరోసారి అనుకుని, అయిదో దాని కింద ఎర్రగీత గీసింది.

"అది మీరు పెట్టిన దొంగేనా మాష్టారూ?" అడిగింది ఎడిటరమ్మ.

మాష్టారు కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగి, ఎర్రగీత మీదున్న వాక్యాన్ని చాలాసేపు చూశారు.

"తప్పా అది?" అన్నారు.

ఆ అడగడంలో పరీక్ష లేదు. గదిలో ఉన్న నలుగురికీ అది ఒకేసారి తెలిసింది. భర్త కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు. ఎడిటరమ్మ అంగీకారపత్రం మీదికి చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది. దాని మీద సంతకం ఇంకా పడలేదు.

కోడలు తన కుర్చీ మాష్టారి పక్కకు జరుపుకుంది. "తప్పే మామయ్యా."

"ఎందుకో చెప్పు మరి," అంటూ మాష్టారు ఎర్ర పెన్సిలు కోసం జేబు తడుముకున్నారు. పెన్సిలు ఆమె చేతిలో ఉంది.